తలుపుల్లేని ఊరు

కథ సగం చదివేసరికే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

అది ఆమె తమ్ముడు రాసిన కథ. ఒక ఊళ్ళో ఇళ్ళ తలుపులు ఒక్కొక్కటే మాయమై, వాటి చోట గోడలు మొలుస్తుంటాయి. ఈ కాపీలో మనుషుల పేర్లు మారాయి, మాటలు అక్కడక్కడ మారాయి, అంతే. చొక్కా మార్చినంత మాత్రాన మనిషి మారిపోతాడా?

ఆమె కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. మధ్యాహ్నం గిరాకీ లేని గంటలో కౌంటరు వెనక కంప్యూటర్ ముందు చేరుతుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా చెప్పే కోర్సు ఒకటుంది: సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ సాహిత్యం. పోయినసారి మంచి మార్కులు తెచ్చుకున్నందుకు ఈసారి ఆమెను జీతం లేని సహాయకురాలిని చేశారు. విద్యార్థుల కథలు దిద్దాలి, కాపీ కొట్టినవాళ్ళను తీసెయ్యాలి. పేర్లు కనబడవు, నంబర్లే.

ఈ దొంగ నంబరు 412.

అసలు ఆమె కోర్సులో చేరిందే తమ్ముడి కోసం. ఒకరోజు "ఈ పిచ్చిరాతలు కూడు పెడతాయా?" అని వాడి నోటుపుస్తకం లాక్కుని, "ఇక నీ మొహం చూపించకు" అంది. ఆ సాయంత్రమే ఏట్లో కొట్టుకుపోయాడన్నారు. తొమ్మిదేళ్ళయింది. చావు క్షణంలో వస్తుందేమో గానీ, దాని కాగితం కోసం చెప్పులరిగేలా తిరిగినా ఆఫీసువాళ్ళు ఏడేళ్ళకు గానీ ఇవ్వలేదు. ఆ రోజే ఆమె వాడి ఫోటోకు ఫ్రేము కట్టించి, నోటుపుస్తకం మొదటిసారి తెరిచింది. చదివి, వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇప్పుడా నోటుపుస్తకం తెర పక్కనే ఉంది. అందులో కథ మధ్యలోనే ఆగిపోయింది. 412 దానికి ముగింపు కూడా అతికించాడు. ఎవరో ఒకామె వచ్చి గోడను తడుతుందట, తలుపు తిరిగొస్తుందట. దొంగసొమ్ముకు మెరుగొకటి!

"ఏంటమ్మా, ఆ కీబోర్డు ఏం పాపం చేసింది?" అన్నాడు అద్దాలు బిగించే బాబాయ్, స్క్రూ తిప్పుతూనే.

"మా తమ్ముడి కథ ఎవడో ఎత్తేశాడు బాబాయ్. మావాడి ఫ్రెండ్సే ఎవరో అయ్యుంటారు. అప్పట్లో ఆ పుస్తకం కాలేజీలో అందరికీ చూపించేవాడు."

"మరి అతనేమంటున్నాడు?"

"రెండు రోజులు టైమిస్తే ఏదో వివరణ పంపాడు. నేను తెరవలేదు."

"చదవొచ్చు కదమ్మా."

"ఏముంటుంది? నాదే అంటాడు. ఏ దొంగైనా అంతేగా!"

"తొందరపడకు. పాపం, ఎవరో ఏమో."

"వాడు బతికున్నన్నాళ్ళూ ఒక్కసారైనా వాడి పక్షాన మాట్లాడానా బాబాయ్? ఇప్పుడైనా మాట్లాడనీ."

బాబాయ్ ఇంకో కళ్ళజోడు అందుకున్నాడు.

ఆమె 412కి రెండే ముక్కలు రాసి పంపింది. "ఒకరి కథ ఎత్తుకొచ్చి నాదంటావా? ఇక నీ మొహం చూపించకు."

తర్వాత తొలగించే మీట నొక్కింది. తొలగిస్తే ఈ విద్యార్థి పేరు, చిరునామా ఎవరికీ మళ్ళీ దొరకవు, సరేనా అని అడిగింది కంప్యూటర్.

సరే అని నొక్కింది. 412 గడి ఖాళీ అయిపోయింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమె గుండె తేలికపడింది. తమ్ముడికి ఒక్క పనైనా చేసిపెట్టాననుకుంది.

వివరణ మాత్రం ఆమె సందేశాల్లో అలాగే ఉండిపోయింది. ఆ దొంగ ఏం కోతలు కోశాడో బాబాయ్‌కి కూడా వినిపించి నవ్వుకుందామని తెరిచి, పైకే చదవడం మొదలుపెట్టింది.

"ఈ కథ నాదేనండీ, నేను ఇల్లు వదిలి వచ్చేసిన రోజు మా అక్క లాక్కున్న నోటుపుస్తకం ఆమె పారెయ్యకుండా ఉంచుంటే, అందులో ఇది సగం దాకా ఉంటుంది."