ఇనుము తినే మేక

పొయ్యిలో అన్నిటికంటే ఆఖరున కాలింది, పుస్తకం అట్ట మీది మేక మెడలో కట్టుకున్న ఎర్రగుడ్డ.

పట్టకారుతో పట్టుకుని వేశాను. వేలితో ముట్టుకోలేదు.

ఆ పొద్దునే ఎదురింటి స్టెఫా వాళ్ళ తలుపుకి ఆరోగ్యశాఖ మనిషి కాగితం అంటించి వెళ్ళాడు. పోలియో. వాళ్ళ ఇర్కాకి తొమ్మిదేళ్ళు. మా హాన్యా ఈడే.

ముందురోజు సాయంత్రం ఇద్దరూ మా మెట్ల మీద కూర్చుని ఒకే పుస్తకంలో తలలు దూర్చారు. 'మెరుపు మేక' బొమ్మల పుస్తకం. రేకు డబ్బా నమిలితే చాలు, ఆ మేకకి కొండంత బలం వస్తుంది, గాల్లోకి లేస్తుంది.

"అమ్మా, అది నాది కాదే! ఇర్కా అసలు ఎవరికీ ఇవ్వదు. నాకొక్కదానికే, ఒక్క రోజుకి ఇచ్చింది."

"చేతులు పట్టు," అన్నాను.

ఘాటు సబ్బుతో మోచేతుల దాకా తోమాను. ఏడ్చింది. ఏడిస్తే ఏడవనీ, కాళ్ళు ఆడుతున్నాయి కదా అనుకున్నాను.

పంతొమ్మిది వందల నలభై నాలుగు వేసవంతా బఫలో ఊళ్ళో నేను చేసిన పని అదొక్కటే. పొద్దున లేవగానే నడిచిందా. గ్లాసు గట్టిగా పట్టుకుందా. మెడ బిగిసిందేమోనని గడ్డం గుండెకి ఆనించమంటే ఆనించిందా.

మూడు వారాలకి ఆ కాగితం తీసేశారు. మర్నాడే స్టెఫా మా గుమ్మానికొచ్చింది.

రా కూర్చో అనలేదు నేను. ఆమె కూడా పైకి రాలేదు. కింది మెట్టు దగ్గరే నిలబడింది.

"మార్తా, మా దాని మేక పుస్తకం మీ హాన్యా దగ్గర ఉందా?"

"లేదే," అన్నాను.

అంత తొందరగా ఎందుకన్నానో.

"ఒక్కసారి వెతికి చూడవే. మేక దండులో చేరిన పిల్లల పేర్లు చివరి పేజీలో వేస్తారు చూడు, ఈసారి దీని పేరు పడింది. కూపన్ కత్తిరించి పంపి ఆర్నెల్లు కాచుకుంది."

"ఇర్కా ఎలా ఉంది?"

"ఊపిరాడించే ఇనుప పెట్టెలో పెట్టారుగా. తల ఒక్కటే బయట. మమ్మల్నేమో కిటికీ అవతలే నిలబెడతారు. రోజూ ఒకటే మాటట, నర్సు చెప్పింది. మేక ఇనుము తింటుందిగా, దాన్ని తెచ్చి ఈ పెట్టె తినిపించండి అని."

స్టెఫా నవ్వింది.

"మీ ఆయనా మా ఆయనా పనిచేసేది ఉక్కు ఫ్యాక్టరీలో. ఆ మేక ఈ ఊరొచ్చిందంటే ఇద్దరి ఉద్యోగాలూ నమిలేస్తుందని పిల్లకి చెప్పు, అన్నాను నర్సుతో."

నాకు నవ్వు రాలేదు.

నా వెనక నుంచి హాన్యా గొంతు వినిపించింది.

"నేనే పారేసుకున్నా పిన్నీ. ట్రాములో."

స్టెఫా దాని వంక చూసింది. తర్వాత నా వంక చూసింది.

"పోనీలేమ్మా," అని వెళ్ళిపోయింది.

తలుపేసి హాన్యా భుజం పట్టుకున్నాను. "అబద్ధం ఎందుకు చెప్పావే?"

"నువ్వు మొదలుపెట్టావుగా," అంది.

ఆ ఆదివారం గుళ్ళో ఫాదరు ముందు పాపసంకీర్తనానికి మోకరించాను. మొగుడి మీద కేకలేసింది చెప్పాను. ముట్టకూడని శుక్రవారం నాడు మాంసం ముక్క నోట్లో వేసుకుంది చెప్పాను. పొయ్యి సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

సోమవారం వీధి చివర పుస్తకాల కొట్టుకి వెళ్ళాను.

"పోయిన నెల మేకా?" కొట్టు ముసలాయన కళ్ళజోడు పైకి తోశాడు. "అమ్ముడుపోనివాటికి అట్ట పైముక్క కోసి కంపెనీకి తిప్పి పంపేస్తామమ్మా. మిగతాదంతా యుద్ధం కోసమని బడిపిల్లలు పట్టుకుపోతారు, పాత కాగితాల్లోకి. ఏం, తమరూ చేరతారా దండులో?"

బడి వెనక షెడ్డులో ఆ కాగితాల గుట్ట నా నడుం దాకా ఉంది. ఎవరెవరి ఇళ్ళవో. ఎవరు దగ్గిన చేతులతో కట్టినవో.

హాన్యాని గేటు బయటే నిలబెట్టాను.

"అడుగు లోపల పెట్టావంటే చంపేస్తా. ఆ నెల పుస్తకంలో ఏ కథ ఉందో చెప్పు, చాలు."

"ఓడ లంగరు తింటుంది చూడు. అదే!"

చేతులు రెండూ భుజాల దాకా దూర్చి వెతికాను.

పొద్దు వాలేలోపు దొరికింది. అట్టకి పైముక్క లేదు. చివరి పేజీలో చీమల బారులాంటి పేర్ల మధ్య వేలు పెట్టి చూసుకున్నాను. ఇర్కా బోరెక్, బఫలో.

అటునుంచటే స్టెఫా వాళ్ళ గడప దాటాను. ఆ వేసవి మొదలయ్యాక దాటడం అదే మొదలు.

ఆమె వంటింట్లో క్యాబేజీ తరుగుతోంది.

"దొరికిందే," అన్నాను. "ట్రాములో పోలేదు. మంచం కిందుంది. అట్ట కొంచెం చిరిగింది."

చేతులు తుడుచుకుని తీసుకుంది. తిన్నగా చివరి పేజీకే వెళ్ళింది. పేరు దొరికాక దాని చుట్టూ వేలు తిప్పింది.

"ఇర్కా తన పేరు చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టుకుంది," అంది.

ఆ పేజీ మీద ఎక్కడా ఎరుపు లేదు.

ఆమె తరిగిన క్యాబేజీ వంక చూస్తూ నిలబడ్డాను. నా మోచేతుల దాకా అచ్చు సిరా, దుమ్ము.

స్టెఫా కూడా ఆ చేతులే చూసింది.

సొరుగు లాగి, గరిటెలూ దారపుండలూ పక్కకి నెట్టి, ఒక మొద్దుబారిన ఎర్ర పెన్సిల్ తీసింది. నా చేతిలో పెట్టింది.

"నువ్వు చుట్టు."

చుట్టాను. సున్నా వంకరగా వచ్చింది.

"ఫర్వాలేదు," అంది స్టెఫా. "దానిదీ వంకరే."