ఏడో పేజీ

"ఇంకోటి వాపసొచ్చింది సార్," అంటూ స్రవంతి సీడీని టేబుల్ మీద పెట్టింది.

అది పదకొండోది. 2009లో మిర్యాలగూడలో, ఎరువుల దుకాణం పైన గది కిరాయికి తీసుకుని భాస్కర్ తయారు చేసిన సాఫ్ట్‌వేర్ అది. బియ్యం మిల్లుల వాళ్లు తమ ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు అందులో దాచుకోవచ్చు. పేరు పక్కన గుర్తు నొక్కితే ఫోన్ కూడా అదే కలుపుతుంది. సరుకు మంచిదే. వాడటమే ఎవరికీ రాలేదు.

"ఇంగ్లిష్ పుస్తకం మిల్లు గుమస్తాలు ఏం సదువుతరు సార్? తెలుగుల, బొమ్మలతోని రాద్దాం. కంప్యూటర్ ఎన్నడూ ముట్టని మనిషిని కూసోబెట్టి, యాడ ఆగుతడో సూసి రాయాలె," అంది స్రవంతి. ఆ ఆఫీసులో వాడకం నేర్పే పుస్తకాలు రాసే పని ఆమెదే.

భాస్కర్ కిటికీలోంచి కిందికి చూశాడు. వాన. గొంగడి కప్పుకుని ఒక గొర్రెల కాపరి మెట్ల కింద తలదాచుకున్నాడు.

"గాయన్ని పిలువు. గాయనకొస్తే గాయన గొర్లకు గూడ వస్తది."

అట్లా బీరప్ప కంప్యూటరు ముందు కూర్చున్నాడు. స్రవంతి ఒక్కో అక్షరం చూపిస్తూ అతని పేరూ, అతని ఫోన్ నంబరూ కొట్టించింది. 'సేవ్' నొక్కగానే రాసిందంతా మాయమైంది.

"అయ్యో, నా పేరు ఎటు పాయె బిడ్డా?"

"పోలేదు పెద్దనాయినా, లోపల దాసుకుంది."

"దాసుకున్న అని అది చెప్పాలె గద. చెప్పకుంటె మనిషికి ఎట్ల ఎరుక?"

భాస్కర్ పగలబడి నవ్వాడు. స్రవంతి నవ్వలేదు, రాసుకుంది. వాపసొచ్చిన సీడీలన్నిటి జబ్బు ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. గుమస్తాలు కూడా రాసింది పోయిందనుకునే వదిలేశారు.

బీరప్పకు ఒక చాయ్ ఇప్పించి పంపారు.

పుస్తకం అచ్చుకు పోయే ముందు స్రవంతి అడ్డుపడింది.

"సార్, ఏడో పేజీ బొమ్మల ఆయన నిజం నంబరే ఉంది. 'ఇట్లనే కొట్టి ఫోన్ గుర్తు నొక్కండి' అని రాసినం. మారుద్దాం."

"మళ్ల బొమ్మలన్నీ ఎవరు తీస్తరు? గొర్లు కాసెటోనికి ఫోన్లొస్తే సంబరపడతడు. ఉండనీ."

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఆ పుస్తకంతో మూడు వందల సీడీలు అమ్ముడుపోయాయి. మిల్లు మిల్లుకూ తిరిగి భాస్కర్ తానే ఆ నంబరు కొట్టి చూపించేవాడు. అది అతనికి కంఠతా వచ్చేసింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా, కొత్తగా కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతి గుమస్తా ఏడో పేజీకి రాగానే బీరప్పకు ఫోన్ కలిపాడు.

నెల తిరక్కుండానే బీరప్ప మెట్లెక్కి వచ్చాడు.

"సారు, పొద్దుగాల సంది నలభై ఫోన్లు. ఎవరయ్యా అంటే 'నేర్సుకుంటున్నం' అని పెట్టేస్తున్నరు. నా నంబరు తీసెయ్యున్రి."

"అచ్చయినంక ఎట్ల తీస్తం? నువ్వే నంబరు మార్సుకో."

"ఊళ్లల్ల అందరి కాడ గిదే ఉంది సారు. మారిస్తె వాళ్లకు నేనెట్ల దొరుకుత?"

"దొరక్కపోతే ఎవరి కొంప మునుగుతది?"

"నా ఫోన్ మోగితె నేను ఉరకాలె సారు. లైను ఖాళీగ ఉండాలె..."

"ఎందుకు? కలెక్టర్ చేస్తడా?"

గదిలో కూర్చున్న ఇద్దరు మిల్లు గుమస్తాలు కిసుక్కున నవ్వారు. బీరప్ప చెప్పబోయింది ఆ నవ్వులో పోయింది.

"పోనీ తెల్ల చిట్టీలన్న ఇయ్యున్రి. మూడూళ్లు తిరిగి ఆ నంబరు మీద నేనే అంటిస్త."

స్రవంతి లేవబోయింది. భాస్కర్ కూర్చోమని సైగ చేశాడు. తన పుస్తకానికి అతుకులేస్తే పరువేం కావాలి?

"ఒక్కటే మందు పెద్దమనిషీ. ఫోన్ బందు పెట్టుకో. నిమ్మళంగ గొర్లు కాసుకో."

బీరప్ప చేతిలో ఫోను మళ్లీ మోగింది. దండం పెట్టి మెట్లు దిగిపోయాడు.

పాపిష్టి మాట అది. అన్నవాడికి ఆ సాయంత్రానికే గుర్తులేదు.

రెండు నెలలకు త్రిపురారం దగ్గర చుట్టాలింట్లో విందు. చేతులు కడుక్కోవడానికి ఇంటి పక్క కాలువ మెట్లు దిగుతూ భాస్కర్ కూతురు అక్షిత కాలు జారి పడింది. తొమ్మిదేళ్ల పిల్ల. నీళ్లు ఆమెను వంద గజాలు లాక్కుపోయి తూము దగ్గరి ఇనుప కడ్డీకి కొట్టాయి. ఆ కడ్డీని రెండు చేతులా పట్టుకుని "డాడీ" అని అరుస్తోంది.

దూకబోయిన భాస్కర్‌ను కాలువ కాపలా చూసే లస్కర్ నడుం పట్టి ఆపాడు.

"వద్దు సారు, నిండు కాలువ. ఇద్దరు పోతరు. ఈడ మా మామ ఒక్కడే దిగుతడు. ఇప్పటికి ముప్పై మందిని తీసిండు, పైస ముట్టడు."

"పిలువయ్యా! యాడుంటడు?"

"ఏ కట్ట మీద తిరుగుతుంటడో ఎరుక లేదు. ఫోన్ చేస్తె పది నిమిషాలల్ల ఉరికొస్తడు."

లస్కర్ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"బందొస్తుంది సారు. ఎన్నడు బందు పెట్టెటోడు గాదు. రెండు నెలల సంది గిట్లనే."

కడ్డీ మీద నుంచి అక్షిత ఒక చెయ్యి జారిపోయింది.

"నేను చేస్త! నంబరు చెప్పు!"

"గోడ మీద రాసుంది సూడున్రి."

తూము గోడ మీద ఎర్రరంగు అక్షరాలు: 'నీళ్లలో ఎవరైనా పడితే ఈ నంబరుకు ఫోన్ చేయండి.'

మొదటి నాలుగంకెలు గోడ మీద చూసి నొక్కాడు భాస్కర్. ఏడో పేజీలోని మిగతా ఆరూ చూడకుండానే నొక్కాడు.