నాలుగు గెలాక్సీల గది

"బావా, తలుపేది?"

నిచ్చెన మడుస్తున్న బావ చేయి ఆగిపోయింది. పెయింటర్లిద్దరూ చుట్టూ చూశారు. చిన్న గుండ్రటి గది. మూల లేదు, కిటికీ లేదు. నేల నుంచి కప్పు దాకా నలుపు, అందులో తెల్లచుక్కలు, తలా ఒక వైపు నాలుగు గెలాక్సీలు. నేల మీద బ్యాటరీ దీపం ఒక్కటే వెలుగుతోంది.

"తలుపు పని చూసింది నువ్వేగా," అన్నాడు బావ.

"చూశాను. పిల్లలు లోపలికొస్తే ఆకాశంలో ఉన్నట్టే ఉండాలి, అతుకు కనబడకూడదని మ్యూజియం మేడమ్ మరీ మరీ చెప్పింది. అందుకే పొద్దున నువ్వు రంగులు కలుపుతుంటే పిడి ఊడదీసి బయట పెట్టి, తలుపు మూసి, సందులో లప్పం పెట్టి, పైన నలుపు కొట్టేశాను."

"లోపలుండి?"

"లప్పం లోపలివైపే కదా పెట్టాలి."

బావ నిచ్చెన కింద పెట్టాడు. అతనికి ఆయాసం. రంగు వాసన పొద్దుటి నుంచీ గొంతులో గుచ్చుతోంది. ఇన్‌హేలర్ చొక్కా జేబులో ఉంది. చొక్కాలూ ఫోన్లూ తలుపు బయట కొక్కేనికి ఉన్నాయి. మ్యూజియానికి సెలవు. రేపు మేడమ్ వచ్చేదాకా ఇటు ఎవరూ రారు.

బావమరిది గోడను పిడికిలితో కొడుతూ చుట్టూ తిరిగాడు. గోడా తలుపూ ఒకే చెక్క. ఎక్కడ కొట్టినా మోత అన్ని వైపుల నుంచీ వచ్చింది. గట్టిగా అరిచాడు. అరుపు తిరిగొచ్చి అతని చెవుల్లోనే పడింది.

"కూర్చోరా. ఉన్న గాలంతా నువ్వే తాగేస్తున్నావు."

"తలుపు మీద ఏ గెలాక్సీ వేశావో చెప్పు బావా."

"ఆవిడిచ్చిన బొమ్మ చూసి వేశాను. తలుపు చూసి వెయ్యలేదు."

"అయితే నాలుగూ గీకేస్తా." లప్పం పట్టే రేకు తీసుకుని దగ్గరగా ఉన్న కోడిగుడ్డు ఆకారం ముందుకెళ్ళాడు.

"ఆగు. అది దీర్ఘవృత్తం. అందులో అన్నీ ముసలి నక్షత్రాలేనట. కొత్తవి పుట్టడం దాదాపు లేదట. ఆ ఎర్రపసుపు కుదరడానికి నా ప్రాణం పోయింది."

"ముసలిదేగా, నీలాగ. పోతే పోయింది."

బావ నవ్వబోయాడు. దగ్గొచ్చింది.

"సరే, ఆ చిందరవందరది గీకుతా. దానికో రూపమే లేదు. గీకినా తెలీదు."

"రూపం లేకపోవడమే దాని రూపం. పక్కనున్న పెద్ద గెలాక్సీ లాగుడికి అలా చెదిరిపోతాయట."

"మా అక్క పక్కన నువ్వు చెదిరినట్టు."

"అంతే అనుకో."

"ఆ పళ్ళెం?"

"అది కటకం. భూతద్దంలా మధ్య ఉబ్బుగా ఉంటుంది. చేతులు మాత్రం ఉండవు."

"ఇక సుడి."

బావ తలెత్తి చూశాడు. సుడి గెలాక్సీ అతనికి ఎదురుగా ఉంది. నీలి చేతులు రెండు, వాటి నిండా అప్పుడే పుడుతున్న నక్షత్రాలు, నడుమ బంగారు రంగు ముద్ద. మనం ఉన్న పాలపుంత కూడా సుడేనని మేడమ్ చెప్పింది. ఇన్నేళ్ళుగా షాపుల బోర్డులూ ఇళ్ళ గోడలూ వేసిన చేతికి అలాంటిది ఒక్కటీ రాలేదు. ఇవాళ వచ్చింది.

"బావా, నీ రొమ్ములో ఈల వినబడుతోంది." బావమరిది గొంతు మారింది. "నీకేదన్నా అయితే అక్కకి మొహం ఎలా చూపించను?"

బావ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. వీపుకి పచ్చి రంగు అంటుకుంది. కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"గుడ్డు గీసేటప్పుడు దారం ఎవరు పట్టుకున్నారు?"

"నేనే. మేకులు కొట్టొద్దందిగా ఆవిడ. దారం కొసలు నొక్కి పట్టి రెండు బొటనవేళ్ళూ ఇంకా సలుపుతున్నాయి."

"సుడికి?"

బావమరిది తన వేళ్ళకేసి చూసుకున్నాడు. "సుడికి నన్ను పిలవలేదు."

"మరి దారం దేనికి కట్టాను?" బావ ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటున్నాడు. "అక్కడేదో కన్నం ఉంది. బ్రష్షు కాడ గుచ్చి దారం కట్టాను. వడ్రంగి కొలత తప్పాడనుకున్నా. గీశాక లప్పంతో మూసి పైన పసుపు వేశా."

"పిడి కన్నం," అన్నాడు బావమరిది. రేకెత్తి సుడివైపు నడిచాడు.

"ఇటివ్వు. నేనే గీకుతా."

బావ సుడి ముందు నిలబడ్డాడు. చేయి కదల్లేదు. రొమ్ములో ఈల ఆగలేదు. చివరికి రేకు మొనని బంగారు ముద్ద నడిమధ్యలో దించాడు. లప్పం పెళ్ళలు పెళ్ళలుగా లేచింది, దాంతోపాటు పసుపూ పోయింది. లోపల చీకటి కన్నం బయటపడింది.

బావమరిది బ్రష్షు కాడని నలుచదరంగా చెక్కి, కన్నంలో దూర్చి తిప్పాడు. కాడ విరిగింది. ఇంకోటి చెక్కాడు. ఈసారి గడి టక్కుమంది. ఇద్దరూ భుజాలు ఆనించి తోశారు. సుడి నిలువునా చీలింది. గాలి వచ్చింది. బావ మోకాళ్ళ మీద బయటికి పాకాడు. బావమరిది ఇన్‌హేలర్ తెచ్చి అతని నోట్లో పెట్టాడు.

ఆ రోజు బావని ఇంటికి చేర్చడమే సరిపోయింది.

మర్నాడు, మేడమ్ వచ్చేలోగా కన్నం పూడ్చేద్దామని ఇద్దరూ లప్పం డబ్బాతో పెందలాడే వచ్చారు. ఆమె అప్పటికే వచ్చి ఉంది. ఇద్దరినీ లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. బావమరిది గడి పడకుండా సందులో బ్రష్షు అడ్డం పెట్టాడు.

మేడమ్ సుడినే చూస్తోంది. చిరిగిన పసుపు అంచుల మధ్య నల్లటి గుంట. ఆమె వేలితో దాని చుట్టూ తడిమింది. బావ డబ్బాని వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"గెలాక్సీ నడిమధ్య కృష్ణబిలం ఉంటుందని మీకు చెప్పడమే మరిచిపోయాను," అంది మేడమ్. "మీకెలా తట్టింది? ఇంకేం ముట్టుకోకండి. ఇలాగే ఉండనివ్వండి."

"కృష్ణబిలమంటే ఏంటండీ?" అన్నాడు బావ.

"అందులో పడ్డది ఏదీ బయటికి రాదు. వెలుతురు కూడా."

బావమరిది బావకేసి చూశాడు. తర్వాత గుంటకేసి చూశాడు.

"మేం అందులోంచే వచ్చాం మేడమ్."