చెరో జగ్గు

"నవ్వించకు అక్కా. ఇప్పుడు నవ్వానంటే ఈ కుర్చీ పాడవుతుంది," అంది ఐలీ, మోకాళ్లు రెండూ నొక్కిపెట్టి.

"నేనేమన్నానే? మనం రంగేస్తే పాస్టర్ గారి భార్య జుట్టు పచ్చగా మారిన సంగతి గుర్తొచ్చిందన్నాను, అంతే." సైమా కాలు మీద కాలు వేసుకుని బిగుసుకు కూర్చుంది.

"ఈస్టర్ పొద్దున."

"పాటలు పాడేవాళ్లలో ముందు వరసలో. పాలకూర కట్టలా."

ఐలీ కోటు అంచు నోట్లో కుక్కుకుంది. స్కానింగ్ సెంటర్ వెయిటింగ్ హాల్లో ఎదురుగా చేపల తొట్టి బుడబుడమంటోంది. గోడకి తగిలించడానికి ఇంకే బొమ్మా దొరకనట్టు, ఊరి పక్కనున్న కకబెకా జలపాతం బొమ్మే.

పొద్దున వంటింట్లో చెరో జగ్గు నీళ్లు తాగి బయల్దేరారు. చిన్నప్పుడు చేపనూనె దగ్గరా అంతే, ఒకరు మింగితేనే రెండోవాళ్లు నోరు తెరిచేవారు. పెద్దయ్యాక తమ సెలూన్ వెనక సిగరెట్టు సగం సగం. జుట్టు రంగులు కలిపిందీ ఇద్దరూనే. ఆ పొగా, ఆ రంగులూ మూత్రాశయానికి మంచివి కావని ఇన్నేళ్లకి డాక్టర్ చెబితే తెలిసింది. బాత్రూంలో నీళ్లు ఎర్రగా కనిపించిన రోజు, బీట్‌రూట్ తిన్నాం కదా అని సైమా కొట్టిపారేసింది. డాక్టర్ కొట్టిపారేయలేదు. క్యాన్సరేమో చూడాలి, ముందు స్కానింగ్ అన్నాడు.

కౌంటర్ దగ్గరి అమ్మాయి తలెత్తింది. "ఇంకొంచెం ఓర్చుకోండమ్మా. మూత్రం సంచి నిండి దాని గోడ సాగితేనే లోపల కంతి ఉంటే కనబడేది. ఖాళీ చేశారంటే మళ్లీ వచ్చే నెలే."

వచ్చే నెలదాకా ఈ భయాన్ని మోయడం ఐలీ వల్ల కాదు.

"అదిగో బాత్రూం," అంది సైమా. "వెళ్లవే. నేనేమీ అనుకోను."

"వెళ్లను. నిన్ను గెలవనిస్తానా?"

"నీకంటే నాది పెద్ద సంచి."

"పెద్దది నీ నోరు."

ఐలీ అక్క చెయ్యి పట్టుకుంది.

"పాలకూర," అని గొణిగింది ఐలీ.

ఇద్దరూ కిసుక్కుమన్నారు. ఆపుకోలేక ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు.

లోపలి తలుపు తెరుచుకుంది. "పరీక్ష ఎవరికమ్మా?" అంది నర్సు.

సైమా ఒక్కతే లేచింది.