ఆ పేరు మీద మంచం

"కార్డుందా?" అంది కౌంటరులో ఆవిడ, తలెత్తకుండానే.

టైలరమ్మ బిక్కమొహం వేసింది. పక్కనే చక్రాల కుర్చీలో ఆమె భర్త ఒరిగిపోయి ఉన్నాడు. మిల్లులో బేళ్ళు మోస్తూ మోస్తూ గుండె పట్టుకుని కూలబడితే, తోటి కూలీలు ఆటోలో వేసుకొచ్చి దించి వెళ్ళారు. కబురు అందగానే ఆమె కుడుతున్న చొక్కా మిషను మీదే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంది.

"మిల్లులోనే పని మేడమ్. కాంట్రాక్టరు కింద."

"కాంట్రాక్టువాళ్ళకి వైద్యం కార్డుండదమ్మా, పర్మినెంటువాళ్ళకే. డబ్బు కట్టు, లేకపోతే ధర్మాసుపత్రికి తీసుకెళ్ళు."

"ముందు అక్కడికే తీసుకెళ్ళారంట మేడమ్, గుండె డాక్టరు లేడంట. వాళ్ళే ఇక్కడికి పొమ్మన్నారంట."

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

నిజమే, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? వరసలో ఉన్నవాళ్ళూ ఏమీ చెయ్యలేదు. కొందరు నిట్టూర్చారు, కొందరు గోడ గడియారం కేసి చూశారు.

ఒకాయన మాత్రం ఇందాకటి నుంచీ ఎవరితోనో పోట్లాడుతున్నట్టు సణుగుతూనే ఉన్నాడు.

"వీధి దీపం అందరికీ వెలుగుతుంది. రోడ్డు అందరికీ వేస్తారు. అక్కడెవడూ కార్డు అడగడు. మాయదారి గుండెకొచ్చేసరికి పర్మినెంటూ టెంపరరీనా?"

"సణిగితే పనవుతుందా పెద్దాయనా?" అన్నారెవరో.

సణుగుడాయన కుర్చీలో మనిషిని కాసేపు చూశాడు. నల్లబడుతున్న పెదాలు చూశాడు. తర్వాత విసురుగా ముందుకొచ్చి, జేబులోంచి కార్డు తీసి కౌంటరు మీద పెట్టాడు.

"ఇదిగోనమ్మా, ఈయన కార్డు. కంగారులో ఈవిడ మర్చిపోయింది."

కార్డు మీద ఫొటో ఏ చెమటకో చెరిగిపోయి, ఎవరిదన్నా నమ్మేలా ఉంది. కౌంటరావిడ కంప్యూటరులో ఏదో చూసి, "ఆ మాట ముందే చెప్పి ఏడవచ్చుగా!" అని విసుక్కుంది. కుర్చీ లోపలికి దొర్లిపోయింది.

టైలరమ్మ చేతులు జోడించింది. "అన్నయ్యా, మరి మీకు..."

"నేను పళ్ళు కట్టించుకుందామని వచ్చాను. పళ్ళు లేక ఎవడూ చావడులే. కార్డు నీ దగ్గరే ఉంచు, మందులకి కావాలి. ఆపరేషను ఈ కార్డు మీద ఒక్కసారే చేస్తారు, ఎక్కడా నోరు జారకు."

ఆ రోజే గుండె కోసి ఆపరేషను చేశారు. భర్త బతికి బయటపడ్డాడు. మత్తు దిగుతూ తన సొంత పేరు చెప్పాడు. మందు ప్రభావంలే అని నర్సు నవ్వేసింది.

ఇంటికొచ్చాక సణుగుడాయన రాకపోకలు మొదలయ్యాయి. మేడ మెట్లెక్కి ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడేవాడు.

"ఎలా ఉన్నాడు?"

"బానే ఉన్నారన్నయ్యా."

"మందులేమైనా మిగిలాయా అమ్మా?"

టైలరమ్మకి ఒళ్ళు మండింది. ఎవరికి అమ్ముకుందామనో! ఊరికే చేస్తారా ఈ కాలంలో ఉపకారాలు? మొదటిసారి మొహమాటానికి నాలుగు బిళ్ళలు చేతిలో పెట్టింది. రెండోసారి లేవంది. మూడోసారి, మిషను చప్పుడులో పిలుపు వినపడనట్టే కుట్టుకుంటూ కూర్చుంది.

చివరిసారి వచ్చినప్పుడు మెట్ల మీదే చతికిలబడ్డాడు.

"ఒక్కసారి ఆ కార్డిస్తావా తల్లీ? మళ్ళీ తెచ్చిస్తాను."

కార్డు పోతే వచ్చే నెల భర్తకి మందులెలా? ఆమెకి ఇంకేమీ తోచలేదు.

"మా ఆయన జేబులో ఉండిపోయిందన్నయ్యా, బయటికెళ్ళారు. రేపు రండి."

కార్డు మిషను సొరుగులోనే ఉంది. సణుగుడాయన ఆ రోజు ఏమీ సణగలేదు. గోడ పట్టుకుని దిగి వెళ్ళిపోయాడు. ఆ రేపు రానే లేదు. పీడ వదిలిందనుకుని టైలరమ్మ ఊపిరి పీల్చుకుంది.

మందుల కోసం మళ్ళీ ఆసుపత్రికి వెళ్తే, నర్సు ఆమెని గుర్తుపట్టి దగ్గరికి పిలిచింది.

"మీ ఆయన పేరు చెప్పుకుని మొన్నెవడో వచ్చాడమ్మా! గుండెల్లో నొప్పంట, కార్డు ఇంట్లో మర్చిపోయాడంట. మందులిచ్చేవాళ్ళు కాస్త ఉంటే ఇచ్చేసేవాళ్ళే."

టైలరమ్మ ఇంకా దగ్గరికి జరిగింది. "మరి?"

"ఆ పేరుగలాయనకి ఇక్కడే ఆపరేషనయింది కదా, చొక్కా విప్పమన్నాం. విప్పాడు. ఒంటి మీద ఒక్క కుట్టు లేదు! ఇట్టే దొరికిపోయాడు. సెక్యూరిటీవాళ్ళు గేటు బయటికి తోసేశారు."

"తర్వాత?"

"ఏముంది? బస్టాపులో కూర్చుని అక్కడే పోయాడంట. అనాథ శవమని మునిసిపాలిటీ బండిలో వేశారు."

టైలరమ్మ బల్ల అంచు పట్టుకుంది. ఆయన పేరుంది, అది తనకి తెలుసు, అనాథ కాదు అని అరవాలనిపించింది. కానీ ఆ మాట పైకంటే భర్త మందులు ఈ పూటే ఆగిపోతాయి. సంచి నోరు తెరిచి నర్సు ముందు పెట్టింది.

"పేరే కాదు, ఊరూ, పనీ, అన్నీ ఎక్కడ తెలుసుకున్నాడో!" అంటూ నర్సు మందులు సంచిలో వేస్తోంది. "మీ ఆయన్ని చేర్చుకున్న రోజుకి నెల ముందే ఆ పేరు మీద గుండె ఆపరేషనుకి మంచం రాసిపెట్టి ఉందని కూడా చెప్పాడమ్మా ఆ దొంగ, తీరా చూస్తే అదీ నిజమే!"