భద్రమైన చోటు

డిసెంబరు ముప్పై ఒకటిన, మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. వరండాలో చేట ముందేసుకుని వెల్లుల్లి ఒలుస్తున్న నానమ్మ సంపూర్ణమ్మ. వంటింట్లో లవంగం బుగ్గన పెట్టుకుని గిన్నెలు కడుగుతున్న అమ్మ శాలిని. ఏ గదిలోనూ కుదురుగా కూర్చోలేకపోతున్న నాన్న దుర్గాప్రసాద్. పుస్తకం పట్టుకుందే గానీ చూపంతా ఇంటి మీదే పెట్టిన మనోజ్ఞ. అప్పుడే గన్నవరం నుంచి వచ్చి కారు దిగిన మామయ్య రామకోటేశ్వరరావు, నాన్నకి అక్క మొగుడు.

మామయ్య చేతుల్లో ఒక అట్టపెట్టె. బల్ల మీద దించగానే లోపల సీసాలు గలగలమన్నాయి.

"బీర్లు, విస్కీ, ఓ వైను. న్యూ ఇయరంటే ఇదీ! రాత్రికి డాబా మీద సిట్టింగు. చల్లపల్లి నుంచి మనోళ్లు కూడా వస్తున్నారు."

"ఈ ఏడాది వద్దు మామయ్యా," అంది మనోజ్ఞ. పెద్దవాళ్ల ముందు నోరు విప్పని పిల్ల. అందరూ తలతిప్పి చూశారు.

"ఏమే, నీకేమైనా పోస్తానన్నానా?"

"డాక్టరు గారు..."

జూన్‌లో విజయవాడ ఆసుపత్రిలో డాక్టరు నాన్ననీ, అమ్మనీ, మనోజ్ఞనీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడు. లివరు చాలావరకు పోయిందన్నాడు. మళ్లీ తాగడం మొదలుపెడితే మనిషి దక్కడం కష్టమన్నాడు. బస్సులో ఇంటికొచ్చారు. గడపలో నానమ్మ నిలదీస్తే నాన్నే నోరు తెరిచాడు. "నాకేనమ్మా. లివరు కొంచెం పాడైందంట. తగ్గిపోద్దిలే." ఆ సాయంత్రమే మనోజ్ఞ తల మీద ఒట్టు పడింది. అప్పటినుంచి ఇంట్లో ప్రతి గ్లాసూ వాసన చూడటం ఆమెకి అలవాటైపోయింది. ఇంతవరకూ ఒట్టు నిలబడింది. ఈమధ్యే ఇంట్లో మళ్లీ నవ్వులు వినపడుతున్నాయి.

"మీ నాన్నకి పొయ్యనులేవే," అన్నాడు మామయ్య. "వాడికి మజ్జిగ."

"మజ్జిగ తాగే మొహమేనా అది!" నానమ్మ వరండాలోంచే అందుకుంది. "పోయినేడు పెరట్లో ఖాళీ సీసాలు ఏరలేక నా నడుం పడిపోయింది."

"అదేం చిత్రమో అత్తయ్యగారూ, వీడు తూలగా ఊళ్లో ఎవరూ చూడలేదు. నోరు వాసన కూడా రానివ్వడు. గుట్టుగా లాగించే రకం!" మామయ్య నాన్న వీపు మీద చరిచాడు. "పోయిన న్యూ ఇయరుకి డాబా ఎక్కకముందే ఫుల్ బాటిల్ మాయం. ఏరా, నువ్వే కదా?"

"నేనే బావా," అని నాన్న నవ్వాడు. ఆ నవ్వు చూడలేక మనోజ్ఞ తల దించుకుంది.

"అందుకే ఈసారి ప్లానుతో వచ్చా. నువ్వు నాతో అవనిగడ్డ వస్తున్నావు, రొయ్యలకి. సీసాలు ఇక్కడుంటాయి. ఆడవాళ్ల చేతిలో ఉంటే బ్యాంకులో ఉన్నట్టే."

నాన్న మొహం పాలిపోయింది. "వద్దు బావా. కార్లోనే ఉంచుదాం. డిక్కీలో పెట్టి తాళం నువ్వే ఉంచుకో."

"నీతోపాటే కార్లోనా? ఎంత ఆత్రంరా నీకు!"

నానమ్మ కూడా నవ్వేసింది.

"చెల్లెమ్మా!" మామయ్య కేకేశాడు. అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "ఈ పెట్టె నీ గదిలో పెట్టుకో. సాయంత్రందాకా ఎవరడిగినా తియ్యకు. నీ మొగుడు కాళ్లు పట్టుకున్నా సరే."

"అలాగే అన్నయ్యగారూ," అంది అమ్మ. పెట్టెని రెండు చేతులా ఎత్తుకుంది.

"నాకిమ్మా, నేను దాస్తా." మనోజ్ఞ అడ్డం వెళ్లింది.

"నీకా? ఆ నాన్న కూతురివేగా! వాడు బతిమాలితే ఇచ్చేస్తావు," అన్నాడు మామయ్య.

మనోజ్ఞ ఏదో చెప్పబోయింది. వద్దన్నట్టు నాన్న తల అడ్డంగా ఊపాడు.

మామయ్య ఆయన్ని భుజం పట్టుకుని కారులోకి తోశాడు. కిటికీలోంచి నాన్న కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "లోపలే ఉండు తల్లీ. కదలకు. వెంటనే వచ్చేస్తా." కారు కాలవగట్టు మీదుగా మలుపు తిరిగింది.

"హమ్మయ్య, ఈ పూటకి గండం గడిచింది," అంది నానమ్మ. "ఇదిగో, ఈ చేట లోపల పెట్టు."

మనోజ్ఞ చేట అందుకోకుండానే లోపలికి పరిగెత్తింది.

"ఏమే, మీ నాన్న అటు పోతే నువ్వు ఇటు పరిగెడతావేం?"

వంటింట్లో ఎవరూ లేరు. కుళాయి కారుతూనే ఉంది. సగం కడిగిన గిన్నెలు తొట్టిలో అలాగే ఉన్నాయి. గది తలుపు ఓరగా తీసి ఉంది. సందులోంచి మంచం మీద అట్టపెట్టె కనపడింది. దాని మీది టేపు ఊడి వేలాడుతోంది.

మనోజ్ఞ తలుపు మీద చెయ్యి వేసింది.

"ఒక్క గుక్కేనే, నాన్నకి చెప్పకు," అంటూ అమ్మ ఆమె మొహం మీదే తలుపు మూసి గడియ పెట్టుకుంది.