మోకాలి మీద చెయ్యి

యవ్వనం సూదిమందు రేషన్ కార్డు మీద కూడా ఇస్తున్న రోజులవి. హాల్లో చాపల మీద కూర్చున్న పన్నెండుమంది ఆడవాళ్లూ పాతికేళ్లవాళ్లలాగే ఉన్నారు. వాళ్లలో పెళ్లికొడుకు తాతమ్మ వరాలమ్మ ఎవరో కనిపెట్టి కొత్తకోడలు దండం పెట్టాలి. బిందెలో ఉంగరం తీయించినట్టే ఇదీ ఒక పెళ్లి వేడుక అయిపోయింది. ఓడితే నవ్వుకుని భోజనాలకు లేవడమే. ఈ ఇంట్లో ఇంతవరకూ ఏ కోడలూ గెలవలేదు.

ఆకుపచ్చ పట్టుచీరలో నిండుగా కూర్చున్నావిడే తాతమ్మ అనుకుని, కొత్తకోడలు హిమజ వంగి కాళ్లు ముట్టుకుంది. ఆ పిల్ల ఉలిక్కిపడింది.

“అయ్యో వదినా, నాకు పంతొమ్మిదేళ్లేనండీ! పెద్దవాళ్లు దండం పెడితే ఆయుష్షు తగ్గిపోద్దంట!”

అందరూ గొల్లుమని నవ్వి భోజనాలకు లేచారు. గుమ్మం పక్కన జీన్సులో ఉన్న అమ్మాయి మాత్రం మోకాలి మీద చెయ్యి ఆన్చి, “రామ రామా” అనుకుంటూ లేచింది.

హిమజ గబగబా వెళ్లి ఆమె కాళ్లకు దండం పెట్టింది. నవ్వులు ఆగిపోయాయి.

“మోకాళ్లు కూడా కొత్తవేనే తల్లీ. ఎలా పట్టావు?”

“మీ చేతికి ఆ సంగతి తెలీదు తాతమ్మా.”

వరాలమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది.

“ఈ మొహం వచ్చిన కాణ్ణించీ నాకెవరూ దండం పెట్టలేదే. దీవించడం మర్చిపోయాను,” అంది. “ఉండు, గుర్తు తెచ్చుకోనీ.”